పెరటి కొలను

అనంతపురము వంటి కరవుసీమలో ఇంటి పెరటియందు ఈతకొలనా యని మీరు ముక్కుమీద వ్రేలు వేసికొనవచ్చును. మా అత్తగారును మొదట అట్లే పలికిరి: "కడవెడు నీళ్లకై కోసెడు దూరము నడిచినదానను. మీరు నీళ్లతో ఆటలాడుదురా?" అది న్యాయమైన మాటయే. మా సీమలో ఏడాదికి కురియు వాన సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. బుక్కరాయసముద్రము చెరువుకట్ట నిలుచుటకు ప్రాణమిచ్చినదని చెప్పు ముసలమ్మ కథ విని పెరిగినవారము. కట్టమంచి రామలింగారెడ్డిగారు కావ్యముగా వ్రాసినది ఆ కథనే. నీరు ఆటవస్తువని మేమును తలపలేదు.

అయినను కొలను కట్టించుటకు కారణము కలదు. మా పెద్దల కాలమున తోటలలో దిగుడుబావు లుండెడివి. పిల్లలు నడుమునకు బెండ్లు కట్టుకొని వానిలోనే ఈత నేర్చెడివారు. బోర్లు లోతునకు దిగినకొలది ఆ బావు లెండినవి. వానితోపాటు ఈతయు మరుగైనది. పిదప 2012లో హంద్రీ-నీవా కాలువ వెంట కృష్ణాజలము జీడిపల్లి జలాశయమునకు చేరినది. చేలలో సేద్యపు కుంటలు వెలసినవి. నీరు వచ్చినది గాని పిల్లలకు ఈత రాలేదు. రెండేండ్ల క్రిందట మావారియొద్ద చదువుకొను బాలుడొకడు వానకు నిండిన కుంటలో దిగి మరల తేలలేదు. ఆ రాత్రి మావారు అన్నము ముట్టలేదు. మా స్త్రీధనములో కొంత తీసి మేమీ పనికి పూనుకొంటిమి.

కొలను పొడవు 20 అడుగులు, వెడల్పు 10 అడుగులు. లోతు ఒకవైపు 3, రెండవవైపు 4 అడుగులు. పట్టునీరు సుమారు 20 వేల లీటర్లు. ఇల్లాలు మరువరాని లెక్క యొకటి కలదు: ఇంతటి కొలనులో ఒక్క అంగుళము తగ్గిన 470 లీటర్లు పోయినట్లే. కావున వాడని వేళ దానిని మందమైన పట్టాతో కప్పియుంచుదుము. నీరు మరీ తగ్గినట్లు తోచిన, బక్కెటను కొలనునీటితో నింపి కొలనులోని మెట్టుపై నిలిపి, లోపల వెలుపల నీటిమట్టములకు గీతలు గీయుడు. మరునాడు బక్కెటలోకంటె కొలనులో ఎక్కువ తగ్గినచో అది ఎండ దోషము కాదు. ఎక్కడనో కారుచున్నదని గ్రహింపవలెను.

టైల్సు రంగు ఎంచుటకు ముందు కంచె వేయించుడు. అది నాలుగడుగులకు తక్కువ కారాదు. తలుపు తనంతట మూసికొనవలెను. గడియ బిడ్డలకు అందరాదు. పెద్దలు గట్టున లేనిదే ఏ బిడ్డయు నీట దిగరాదు.

ఇక చుట్టును ఏమి నాటవలెను? హంపీలో రాణీస్నానగృహమని చెప్పు కట్టడమును చూచినవారెరుగుదురు: నడుమ కొలను, పైన ఆకాశము, చుట్టును కప్పుగల వసారా. అట్టి గోడలు వడగాలిని ఆపును. మనకు గోడలేల? పడమట గోరింట కంచె చాలును. అది కరవునకు ఓర్చును, పండుగకు ఆకునిచ్చును. రావి, మర్రి దరి చేరనీయకుడు. వేళ్లు గట్టును చీల్చును. వేపచెట్టు దూరముగనే యుండవలెను. లేకున్న ఆకు తీయుటకే దినము గడచును. గన్నేరు ఎంత అందమైనను వలదు. దాని ఆకు, పువ్వు, కాయ అన్నియు విషమే. వేసవిలో నీడకు కొబ్బరాకుల పందిరికి మించినది లేదు. గట్టున నునుపైన తాడిపత్రి నల్లబండలు పరచి మేము పొరబడితిమి. ఎండలో కాళ్లు కాలినవి, తడిలో జారినవి. తరువాత లేతరంగు గరుకుబండలు వేయించితిమి.

నీటిలో క్లోరిన్ లీటరునకు 1 నుండి 3 మిల్లీగ్రాములు నిలువవలెను, పీహెచ్ 7.2 మొదలు 7.8 లోపల నుండవలెను. పరీక్షకాగితము ముంచిన తెలియును. క్లోరిన్ పొడిని ఆమ్లముతో ఎన్నడును కలుపరాదు, విషవాయువు పుట్టును. మా బోరునీరు చవుడు. ఆవిరియైనకొలది ఉప్పు మిగిలి గోడలకు తెల్లని పొర కట్టును. అందుచే మిద్దెపై వాననీటినే తొట్టెలోనికి మళ్లించితిమి. వేయి చదరపుటడుగుల మిద్దెపై మంచి ఏడాదిలో సుమారు 50 వేల లీటర్లు పడును; వృథా పోగా 40 వేలైనను దక్కును. కొలను మార్చవలసిన నీటిని క్లోరిన్ వేయక కొన్ని దినములు ఎండలో నుంచి గోరింటకును వట్టివేళ్ల మడికిని పారించుదుము. కరవు ముదిరి వీథిలో త్రాగునీటికి ఇక్కట్టు కలిగిననాడు కొలను నింపరాదని ఇంట నియమము చేసికొంటిమి. కొలనున్నవారికి ఈ నియమము తప్పదు.

సాయంకాలము వీథిలోని బాలికలు పదుగురు వచ్చుచున్నారు. ముప్పది దాటిన మేమును వారితో కూడ నీటిపై వెలికిల తేలుట నేర్చితిమి. మొన్న అత్తగారు గట్టున కూర్చుండి, పట్టు వదలి తేలిన చిన్నదానిని చూచి, "ఇంకొకసారి తేలుము తల్లీ" అనిరి. సోదరీమణులారా! కొలను కట్టలేకున్నను చింత లేదు. దరిలో పహరా గల చోటెక్కడైనను చూచి, మీ బిడ్డలకు, ముఖ్యముగా ఆడుబిడ్డలకు, ఈత నేర్పుడు.