అరికాలి పులిపిర్లు: ఆనె అనుకొని కోసుకోకండి

నడిచేటప్పుడు అరికాల్లో చిన్న రాయి గుచ్చుకున్నట్టు ఉంటుంది. చూసుకుంటే గట్టిగా, గరుకుగా ఒక మచ్చ కనబడుతుంది. నల్లమాడ చుట్టుపక్కల పల్లెల్లో చాలామంది దీన్ని ఆనె అనుకొని బ్లేడుతో చెక్కుకుంటారు. కొందరు జిల్లేడు పాలు, సున్నం, జీడి రసం పెడతారు. అయితే అది ఆనె కాక పులిపిరి కావచ్చు. ఈ రెండింటికీ కారణం వేరు, చికిత్స వేరు. షుగరు ఉన్నవారికైతే ఈ పొరపాటు వల్ల కాలికే ముప్పు రావచ్చు. కాబట్టి మీ ఇంట్లో అందరికీ ఈ వ్యాసం చదివి వినిపించమని కోరుతున్నాము.

పులిపిరి ఎందుకు వస్తుంది?

పులిపిరిని కొందరు ఉలిపిరికాయ అని కూడా అంటారు. ఇది హ్యూమన్ పాపిలోమా అనే వైరస్ వల్ల వస్తుంది. పులిపిరిని నూరి, బాక్టీరియా కూడా దాటలేని వడపోతలో వడగట్టినా, ఆ ద్రవంతో కొత్త పులిపిరి పుడుతుందని 1907లో ఇటలీ వైద్యుడు చ్యూఫో చూపించాడు. దాంతో ఇది బాక్టీరియా వల్ల కాక వైరస్ వల్ల వచ్చే జబ్బని తెలిసింది.

ఈ వైరస్‌లో 200కు పైగా రకాలున్నాయి. గర్భాశయ ముఖద్వార క్యాన్సరు తెచ్చే రకాలు వేరు, అరికాలి పులిపిర్లు తెచ్చే రకాలు వేరు. పేరు ఒకటే అని భయపడవద్దు.

ముల్లు గుచ్చుకున్న చోట, మడమ పగుళ్ళలో, నీళ్ళలో నానిన చర్మంలో వైరస్ సులభంగా దూరుతుంది. హాస్టల్ స్నానాల గదుల తడి నేల, ఒకరి చెప్పులు మరొకరు వేసుకోవడం కూడా కారణాలే. అంటుకున్న కొన్ని వారాలకో, నెలలకో పులిపిరి బయటపడుతుంది. బడి పిల్లల్లో, యువతలో ఇవి ఎక్కువ.

ఆనెకూ పులిపిరికీ తేడా

ఆనె ఒత్తిడి వల్ల వస్తుంది. బిగుతు చెప్పులు, వట్టి కాళ్ళతో పొలం పని, ధర్మవరం నేతన్నల్లా రోజంతా పాదంతో మగ్గం తొక్కడం ఇందుకు కారణాలు. ఇలా గుర్తించండి:

• ఆనెను పైనుండి నొక్కితే నొప్పి ఎక్కువ. పులిపిరిని రెండు వైపుల నుండి వేళ్ళతో గిల్లినట్టు పట్టుకుంటే నొప్పి ఎక్కువ.
• ఆనె మీద చర్మపు గీతలు కొనసాగుతాయి. పులిపిరి దగ్గర అవి తెగిపోతాయి.
• పులిపిరిలో తరచుగా నల్లటి చుక్కలు కనబడతాయి. అవి వేళ్ళు కావు, రక్తం గడ్డకట్టిన సన్నని నాళాలు.

ఇంట్లో ఏం చేయవచ్చు?

ఆరోగ్యంగా ఉన్న పిల్లల్లో చాలా పులిపిర్లు ఒకటి రెండేళ్ళలో వాటంతటవే పోతాయి. నొప్పి లేకపోతే వేచి చూడవచ్చు. నొప్పి ఉంటే శాలిసిలిక్ ఆమ్లం మందు వాడాలి. మెడికల్ షాపుల్లో దొరికే కార్న్ క్యాపుల్లో కూడా ఉండేది ఇదే.

రాత్రి పడుకునే ముందు పాదాన్ని గోరువెచ్చని నీళ్ళలో 5 నుండి 10 నిమిషాలు నానబెట్టండి. మెత్తబడిన పైచర్మాన్ని గరుకు రాయితో మెల్లగా రుద్దండి, రక్తం రానివ్వవద్దు. ఆ రాయిని వేరే ఎవరూ వాడకూడదు. తుడుచుకొని, మందును పులిపిరి మీద మాత్రమే రాయండి. చుట్టూ వాజలీన్ పూస్తే మంచి చర్మం కాలదు. ఇలా 12 వారాల వరకు ఓపికగా చేయాలి. వారానికే మానేస్తే ఫలితం ఉండదు.

ఆసుపత్రుల్లో మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్‌తో పులిపిరిని గడ్డకట్టించే చికిత్స కూడా ఉంది. అయితే 2011లో బ్రిటన్‌లో 240 మందిపై చేసిన పరిశోధనలో 12 వారాలకు ఈ పద్ధతిలోనూ, శాలిసిలిక్ ఆమ్లంతోనూ పూర్తిగా నయమైనవారు ఒకే విధంగా 14 శాతమే. అంటే ఖరీదైన చికిత్స వెంటనే పోగొడుతుందని ఆశపడి అప్పు చేయనక్కరలేదు. ఏ చికిత్సకైనా ఓపిక కావాలి.

షుగరు ఉన్నవారికి హెచ్చరిక

చాలాకాలంగా షుగరు ఉంటే పాదంలో స్పర్శ తగ్గుతుంది, రక్తప్రసరణ మందగిస్తుంది. బ్లేడు గాటు, జిల్లేడు పాలతో కాలిన పుండు నొప్పి తెలియకుండానే లోపలికి చీము పట్టవచ్చు. అది ముదిరితే వేలు, ఒక్కోసారి పాదమే తీసేయవలసి వస్తుంది. కార్న్ క్యాపు కూడా మీరు సొంతంగా పెట్టుకోకూడదు. కుష్ఠు వల్ల పాదం తిమ్మిరెక్కినవారికీ ఇదే మాట వర్తిస్తుంది.

వెంటనే వైద్యునికి చూపించండి

• మచ్చ నుండి రక్తం, చీము వస్తున్నా, త్వరగా పెరుగుతున్నా
• రంగు మారినా, మానని పుండు పడినా
• పాదంలో స్పర్శ తెలియకపోయినా
• 12 వారాలు మందు వాడినా తగ్గకపోయినా

రాకుండా జాగ్రత్తలు

పొలానికి, మేకల వెంట వెళ్ళేటప్పుడు చెప్పులు వేసుకోండి. కాళ్ళు కడుక్కున్నాక వేళ్ళ సందుల్లో తడి లేకుండా తుడుచుకోండి. చెప్పులు, తువ్వాలు ఎవరివి వారే వాడండి. పులిపిరిని గిల్లవద్దు, ముట్టుకుంటే చేతులు సబ్బుతో కడుక్కోండి. షుగరు ఉన్నవారు ప్రతి రాత్రి అరికాలు చూసుకోండి. చూపు ఆనని పెద్దల పాదాలను ఇంట్లో పిల్లలు చూసి పెట్టాలి. దానికి రెండు నిమిషాలు చాలు, అది ఒక కాలును కాపాడగలదు.