షామియానా క్రింద ప్రజాసంబంధ విద్య

హైదరాబాదునుండి బెంగుళూరు పోవు జాతీయ రహదారిపై సుమారు 50 కిలోమీటర్ల దూరమున నున్న షాద్‌నగరు, 2016 వరకు మహబూబునగరు జిల్లాలో నుండి తరువాత రంగారెడ్డి జిల్లాలో చేరిన పట్టణము, కొత్తూరు మొదలుకొని బారులు తీరిన కర్మాగారములతో ఏటేట రూపు మార్చుకొనుచున్నది. ఇట్టి ఊరిలో డిగ్రీ ముగించిన పిల్లవాడు పబ్లిక్ రిలేషన్స్‌లో పీజీ చేసెదనన్నచో, “మంత్రుల ఎంబడి ఫోటోలు దిగుకుంట తిరుగుడే గదా బిడ్డా, దానికి సదువెందుకు?” అని ఇంటి పెద్దలడుగుట సహజము. ఫోటోలు ఆ ఉద్యోగములో లేకపోలేదు గాని, చదువు వానికొరకు కాదు.

1923 లో ప్రజాసంబంధ వృత్తినిపుణుడు ఎడ్వర్డ్ బెర్నేస్ న్యూయార్క్ విశ్వవిద్యాలయమున ఈ విషయమును బోధించిననాడు దీనిని ప్రజాభిప్రాయమును మలచు నేర్పుగానే తలచిరి. 1984 లో జేమ్స్ గ్రూనిగ్, టాడ్ హంట్ అను ఇరువురు పండితులు ఆ దృష్టిని కొంత మార్చి, తమ గొప్పలు చాటుకొనుట, ఉన్న సమాచారమును అందించుట, ఎదుటివారిని తెలిసికొనియు తమ మాటనే నెగ్గించుకొనుట, విని తామును మారుట అను నాలుగు నమూనాలను చూపిరి. ఉస్మానియా విశ్వవిద్యాలయము 1954 లోనే జర్నలిజం శాఖను నెలకొల్పినది. నేటికిని మన విద్యార్థులలో పలువురు పత్రికారచన, మాస్ కమ్యూనికేషన్ మార్గముననే ఈ విద్యలోనికి వచ్చుచున్నారు. ప్రకటన వ్రాయుట కొద్దివారములలో అలవడును. చెప్పుటకు ముందు విచారించుట, చెప్పిన పిదప ఫలితమును కొలుచుట, ఎవరికి ఎప్పుడు ఏది చెప్పవలయునో నిర్ణయించుట అను మూడును పట్టుబడుటకే రెండేండ్లు కావలయును. ఈ విద్యలో వినబడు వ్యూహమను పెద్దమాటకు నాకు తోచిన యర్థ మింతియే.

విని తామును మారుట అను ఆ నాలుగవ నమూనాకు పరీక్ష తరగతిగదిలో జరుగదు. ప్రజాభిప్రాయ సేకరణకై వేసిన షామియానా క్రింద జరుగును. 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ పరిధిలోనికి వచ్చి, మినహాయింపు లేని పరిశ్రమ అనుమతి పొందుటకు ముందు జిల్లా కలెక్టరో, ఆయన ప్రతినిధియో అధ్యక్షత వహింపగా ఊరివారి మాట వినవలయును. కనీసము 30 రోజుల ముందు ఒక జాతీయ దినపత్రికలోను, ఒక ప్రాంతీయ భాషాపత్రికలోను ప్రకటన వేయవలయును. పత్రికలు చేరని చోట డప్పు చాటింపు వంటి సాధనములతో తెలుపవలయునని సైతము ఆ నోటిఫికేషన్ చెప్పుచున్నది. ఢిల్లీలో కూర్చుండి చట్టము వ్రాసినవారికి డప్పు గుర్తుండుట విశేషమే! అయినను ప్రకటన అచ్చయినంతమాత్రమున విషయము చేరినదనుకొను సంస్థలు తక్కువ కావు. “వ్యర్థజలములు శుద్ధి చేయబడి పునర్వినియోగింపబడును” అని సంగ్రహ నివేదికలో నుండును, రైతు లేచి, “మా బోర్ల నీళ్లు ఖరాబైతే ఎవలకు చెప్పాలె?” అని యడుగును. ఏయే బోర్లనుండి నీటినమూనాలు తీయుదురు, ఎన్నినెలల కొకసారి తీయుదురు, ఫలితములను పంచాయతీ కార్యాలయమున అంటింతురా లేదా, ఫిర్యాదు నందుకొను మనిషి ఎవరు అను వానిని ముందుగనే యాజమాన్యముచేత ఒప్పించి వచ్చినవాడే ఈ చదువు చదివినవాడు. తీయని మాటలతో సభను చల్లబరచినవాడు కాదు.

ఈ చదువునకు మరియొక పరీక్ష ప్రమాదవేళ జరుగును. 2024 జూన్‌లో షాద్‌నగరు సమీపమున ఒక గాజు కర్మాగారములో పేలుడు జరిగి కార్మికులు మరణించిరి. అట్టి దుర్ఘటన ఎక్కడ జరిగినను, సంస్థ మొదటి మాట పత్రికలకంటె ముందు గేటువద్ద నిలిచిన కుటుంబములకు చేరవలయును. పరరాష్ట్రములనుండి వచ్చిన కార్మికులున్నచోట ఆ మాట హిందీలోను, వారి ఇంటి భాషలోను ఉండవలయును. విపత్కాల సమాచార నిర్వహణ యను పాఠమును చదువువారు గంభీరమైన సంతాప ప్రకటనలను వల్లించుటకంటె ఎవరికి ఏ భాషలో ముందు తెలుపవలయునో చూపు జాబితాలను ముందుగా సిద్ధపరచుకొనుట మేలు.

ఇక సిద్ధాంతవ్యాసమునకు ఏ విషయము తీసికొందునని అడుగు షాద్‌నగరు విద్యార్థికి దూరము పోవలసిన పనిలేదు. ప్రజాభిప్రాయ సేకరణలో ఊరివారు లేవనెత్తిన అంశములను, వానికి సంస్థ యిచ్చిన సమాధానములను స్థానిక భాషలోను, ఇంగ్లీషులోను నమోదుచేసి కార్యవివరణకు జతపరచవలయునను నియమము కలదు. అట్టి యొక కార్యవివరణను చేతబట్టుకొని, పరిశ్రమ నడక మొదలైన కొన్నేండ్లకు అదే ఊరికి పోయి, ఒక్కొక్క సమాధానమునకు ఎదురుగా జరిగినదేమో వ్రాసికొని వచ్చిన చాలును.