గురుగ్రహమును దాని చంద్రులును

మా పెరటిలో రెండంగుళముల అద్దముగల చిన్న దుర్భిణిని నిలిపి గురుగ్రహమును చూపగా ఒక బాలుడు, "అయ్యగారూ, చంద్రులు నాలుగంటిరి, నాకు మూడే కనబడుచున్నవి" అని చిన్నబోయెను. పుస్తకమునకు జడిసి నాలుగు వ్రాయక, కన్న మూడింటినే గీయుమంటిని.

గెలీలియో సయితము 1610వ సంవత్సరము జనవరి 7వ తేదీన మూడింటినే చూచెను: తూర్పున రెండు, పడమట ఒకటి. మరునాడు మూడును పడమటనే యుండెను. 10వ తేదీన రెండే కనబడెను. 13వ తేదీన గాని నాలుగవది ఆయన కంటబడలేదు. నక్షత్రములైనచో ఇట్లు తావులు మారునా? ఇవి గురుని చుట్టును తిరుగుచున్నవని ఆ పటములే ఆయనకు తెలిపినవి.

ఈ నాలుగింటిలో దగ్గరిదగు అయో సుమారు 42½ గంటలలో ఒక చుట్టు తిరుగును. దూరమందలి కలిస్టోకు 16 దినములకు పైగా పట్టును. గురుని వెనుకకో నీడలోనికో పోయినది మనకు కానరాదు. అది దుర్భిణి దోషము గాదు.

దుర్భిణిని చేత బట్టిన వణకును. గట్టి పీటపై నానించుడు. కొన్ని దుర్భిణులు తలక్రిందుగా చూపును గనుక దిక్కు నెరుగుట ముఖ్యము: యంత్రమును కదపక విడిచినచో గురుడు పడమటికే జారిపోవును. పటము ప్రక్కన గంటయు వేయుడు.

భోజనమైన పిమ్మట ఆ బాలుడు మరల వచ్చి చూచెను. గురుని తూర్పుటంచు నానుకొని నాలుగవ చుక్క వెలుగుచుండెను. అతడు మొదటి పటమును చెరుపక, దాని క్రిందనే రెండవది గీసెను.