టిక్కు పడింది ఫోన్ నంబరుకి, ఇంటికి కాదు

"వెరిఫైడ్ అని ఉంది కదండీ, అందుకే వేశా."

జూన్, జులై నెలల్లో మాదాపూర్ చుట్టుపక్కల హాస్టళ్ళలో ఈ మాట తరచూ వినిపిస్తుంది. కాలేజీ నుంచి నేరుగా ఉద్యోగంలోకి దిగిన పిల్లలు, ముగ్గురి షేరింగ్ గదికీ నీళ్ళ సాంబారుకీ విసిగి ఫోన్లో ఫ్లాట్‌మేట్ యాప్ వేసుకుంటారు. కొండాపూర్‌లో డబుల్ బెడ్‌రూం, అందులో మీకో సొంత గది, అటాచ్డ్ బాత్రూం, అద్దె ఎనిమిది వేలు. పేరు పక్కన టిక్కు. సాయంత్రానికల్లా ఐదు వేలు టోకెన్ వెళ్ళిపోతుంది. ఆదివారం పెట్టె సర్దుకుని వెళితే ఆ ఫ్లాట్లో ఎవరిదో సంసారం, తలుపు ముందు పిల్లల సైకిలు. వాచ్‌మన్ మొహంలో ఆశ్చర్యం కూడా ఉండదు, ఇలా వచ్చినవాళ్ళను ముందే చూసి ఉంటాడు.

యాప్ వాళ్ళు ఆ మనిషినీ ఆ ఇంటినీ చూసొచ్చాకే టిక్కు పెట్టారన్నది అపోహ. ఎవరూ చూసి రాలేదు. చాలా యాప్‌లలో ఆ టిక్కుకి కావలసిందల్లా ఒక సిమ్ కార్డు, దానికొచ్చే ఓటీపీ. కొన్ని ఇంకో అడుగు వేసి ఆఫీసు ఈమెయిలో, గుర్తింపు కార్డో అడుగుతాయి. కార్డు అసలైనదే అనుకుందాం. అప్పుడైనా తేలేది ఫలానా పేరుతో ఒక మనిషి ఉన్నాడని మాత్రమే. అతను ఆ ఫ్లాట్లోనే ఉంటున్నాడా, గది నిజంగా ఖాళీగా ఉందా, ఓనరుకి సంగతి తెలుసా, ఫొటోలు ఆ ఇంటివేనా? ఇవేవీ టిక్కు చెప్పదు.

"ఆధార్ కూడా పంపాడండీ" అంటారు. పంపుతాడు, ఎందుకు పంపడు? నిన్న ఇంకొకరి దగ్గర "అగ్రిమెంటు కోసం" అని తీసుకున్న కార్డే అది. రేపు మీ కార్డు వేరొకరికి వెళుతుంది. చివరి నాలుగంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్‌ను యూఐడీఏఐ సైటే ఇస్తుంది. మొహం చూడనివాడికి అంతకుమించి ఎందుకివ్వాలి?

పోనీ మోసాలు కొత్తవా అంటే అదీ కాదు. "బ్రో, ఇంకో ఇద్దరు లైన్లో ఉన్నారు, టోకెన్ వేస్తే మీ కోసం ఆపుతా" అన్నది అందరికీ తెలిసిందే. గేట్‌పాస్ మోసం ఇంకో రకం. ఇల్లు చూడాలంటే సొసైటీ విజిటర్ పాస్ కావాలి, రెండున్నర వేలు కట్టండి, చూసి వెళ్ళాక తిరిగి ఇచ్చేస్తారు అంటాడు. అపార్ట్‌మెంటు గేటు దగ్గర ఫ్లాట్ నంబరు చెబితే వాచ్‌మన్ పైకి ఫోన్ చేస్తాడు, అంతే కదా. ఇల్లు చూడ్డానికొచ్చినవాళ్ళ దగ్గర డిపాజిట్ పట్టే సొసైటీ ఎక్కడైనా ఉందనుకున్నా, అలాంటిచోట కాపురం పెట్టాలని ఎలా అనిపిస్తుందో!

మరో రకం వల ఖాళీ చేసేవాళ్ళకి. మీరు బెంగళూరు వెళ్ళిపోతూ మీ గదికి రీప్లేస్‌మెంట్ కావాలని ప్రకటన పెడతారు. శంషాబాద్ ఎయిర్‌పోర్టుకి బదిలీ అయిన సీఐఎస్‌ఎఫ్ జవాన్‌నంటూ హిందీలో ఫోన్ వస్తుంది. గది చూడక్కర్లేదట, అడ్వాన్సు ఇప్పుడే పంపేస్తాడట, కాకపోతే "ఆర్మీ అకౌంటు" పద్ధతి వేరట. పంపిన క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి పిన్ కొడితే డబ్బు మీకే వచ్చి పడుతుందట. యూనిఫాంలో ఫొటో, ఐడీ కార్డు కూడా వాట్సాప్‌లో దిగుతాయి. సీఐఎస్‌ఎఫ్ ఆర్మీలో భాగం కాదు, అది హోం శాఖ కింద ఉంటుంది. ఆ కంగారులో అది ఎవరికీ తట్టదు. యూపీఐలో క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి పిన్ కొట్టారంటే డబ్బు పోవడానికే. మనకు రావాల్సిన డబ్బుకి పిన్‌తో పనే లేదు, 2016లో యూపీఐ మొదలైన నాటి నుంచీ లేదు. ఇన్నేళ్ళ తర్వాత కూడా, అదీ సాఫ్ట్‌వేరు రాసే పిల్లలకు చెప్పాల్సి రావడమే విడ్డూరం.

కాబట్టి పైసా వేసేముందు చూడాల్సింది ఇంటిని. ఫొటోను గూగుల్ లెన్స్‌లో పెట్టండి. మియాపూర్ అని చూపించిన బాల్కనీ పుణెలోనూ గురుగ్రామ్‌లోనూ అద్దెకుంటే ఇంకేం చెప్పాలి. వెళ్ళడం కుదరకపోతే వీడియో కాల్ చేయమనండి. లిఫ్టు దగ్గర మొదలుపెట్టి, తలుపు మీద నంబరు చూపించి, అప్పుడు లోపలికి నడవమనండి. సరిగ్గా అక్కడే "నెట్ వీక్‌గా ఉంది బ్రో" అన్నాడంటే ఫోన్ పెట్టేయొచ్చు. కరెంటు బిల్లు ఫొటో కూడా అడగండి. టీజీఎస్పీడీసీఎల్ బిల్లు మీద కనెక్షన్ ఎవరి పేరున ఉందో ఉంటుంది. అగ్రిమెంటులో ఓనరు పేరు ఇంకోటైతే ఎందుకో చెప్పమనాలి. బిల్డర్ పేరో పాత ఓనరు పేరో మార్చకుండా ఉండిపోయే ఇళ్ళూ ఉంటాయి, అయినా అడిగితే పోయేదేముంది?

ఇంతవరకూ దొంగల సంగతి. టిక్కు చూసి నిశ్చింతగా ఉన్నవాళ్ళు నిజాయితీపరుడి దగ్గరా దెబ్బ తింటారు. రీప్లేస్‌మెంట్లు ఎలా నడుస్తాయో చూడండి. ఎప్పుడో నలుగురు స్నేహితులు 36,000 అద్దెకి ఫ్లాట్ తీసుకుని, రెండు నెలల డిపాజిట్ 72,000 ఓనరుకిచ్చారు. ఒకతను పెళ్ళి కుదిరి ఖాళీ చేస్తూ తన 18,000 కొత్తగా వచ్చినతని దగ్గర తీసుకున్నాడు. ఆ వచ్చినతను అమెరికా వెళుతూ మీ దగ్గర తీసుకున్నాడు. ఓనరు బీరువాలో ఉన్న అగ్రిమెంటులో మాత్రం ఇప్పటికీ మొదటి నలుగురి పేర్లే. మీ డబ్బు ఓనరు దాకా వెళ్ళనే లేదు. రేపు ఫ్లాట్ మొత్తం ఖాళీ చేసేనాడు ఆయన పెయింటింగ్‌కని ఒక నెల అద్దె కోస్తాడు, మీరు రాకముందు పాడైన గీజరు కూడా లెక్కలో వేస్తాడు. "అసలు నువ్వెవరు బాబూ" అంటే చూపించడానికి మీ దగ్గరున్నది వాట్సాప్‌లో "డన్ బ్రో" ఒక్కటే.

పైగా ఓనరు అనుమతి లేకుండా ఇంకొకరిని పెట్టకూడదన్న షరతు అగ్రిమెంట్లలో మామూలే. మీకు గది ఇస్తున్న కుర్రాడు దాన్ని చదవకుండా సంతకం పెట్టి ఉంటాడు. చేరేముందు ఓనరుతో ఒక్కసారి మాట్లాడండి. డిపాజిట్ వాటా చేతులు మారిన సంగతి ఆయన కూడా ఉన్న గ్రూపులో రాయించండి. డబ్బు బ్యాంకు ద్వారా, "ఫ్లాట్ 402 డిపాజిట్ వాటా" అని కింద రాసి పంపండి. రెన్యువల్ నాడు అగ్రిమెంటులో పేరు ఎక్కించుకోండి. ఓనరు నంబరు ఇవ్వడానికి నసిగితే, గది ఎంత బాగున్నా వదిలేయండి.

ఇక "92 శాతం మ్యాచ్" అన్న ముచ్చట. మీరు నొక్కిన గడులూ అవతలివాళ్ళు నొక్కిన గడులూ ఎన్ని కలిశాయన్న లెక్క తప్ప అందులో జ్యోతిషం ఏమీ లేదు. "శుభ్రత ముఖ్యం" అన్న గడి నొక్కనివాణ్ణి ఒక్కణ్ణి చూపించండి. "నైట్ ఔల్" అని ఇద్దరూ నొక్కుతారు. ఒకరు రాత్రి పదకొండింటికి అమెరికా క్లయింటుతో కాల్‌లో ఉంటారు, రెండోవారు అదే వేళకి హాల్లో స్పీకరు పెట్టి సినిమా చూస్తారు. అద్దె ఏ తారీఖున వేస్తావు, వంటమనిషి రాని రోజు గిన్నెలెవరివి, ఏసీ నీ గదిలోనే ఉంటే కరెంటు బిల్లు ఎలా పంచుదాం, ఊరి నుంచి వచ్చిన స్నేహితుడు ఎన్నాళ్ళుంటాడు? ఇవి ఏ యాప్ గడుల్లోనూ పట్టవు, ఎదురుగా కూర్చుని అడగాలి. పాత ఫ్లాట్‌మేట్ నంబరు కూడా అడగండి, అతనితో అయిదు నిమిషాలు మాట్లాడితే చాలు.

ప్రీమియం ప్లాన్ కొంటే మంచివాళ్ళు దొరుకుతారట: దొరికేవి ఎక్కువ నంబర్లు. అమ్మాయి ప్రొఫైలైతే మోసం ఉండదట: ఫొటో ఎవరిదైనా పెట్టొచ్చు. అమ్మాయిలూ అబ్బాయిలూ ఒకే ఫ్లాట్ అద్దెకు తీసుకుంటే నేరమట: మేజర్లయితే అలా చెప్పే చట్టమేదీ లేదు, అడ్డుపడేది సొసైటీ సెక్రటరీ.

"యాప్‌లెందుకు, మనవాళ్ళెవరైనా ఉంటే చూడు" అని ఇంట్లో పెద్దవాళ్ళు అంటే నాకు ఒళ్ళు మండుతుంది. అక్కడ ఆరా తీసేది ఊరి పేరు కాదు, ఇంటిపేరు. అయినా ఒక్క విషయంలో వాళ్ళ మాట కొట్టిపారేయలేను. బాబాయి స్నేహితుడి కొడుకు అద్దె ఎగ్గొడితే, ఫోన్ చేసి అడగడానికి ఒక బాబాయి ఉంటాడు. యాప్‌లో దొరికినవాడు నంబరు మార్చేస్తే మీకు మిగిలేది "రిపోర్ట్" అన్న బటన్. తెలిసినవాళ్ళు మంచివాళ్ళని కాదు, అవసరమైతే దొరుకుతారని. అదీ ఉచితం కాదు లెండి, బాబాయి మొహం చూసి కరెంటు బిల్లు బాకీలు మింగేసినవాళ్ళు కావలసినంతమంది ఉన్నారు. ఆ పట్టేదో యాప్‌లో దొరికినవాళ్ళ దగ్గరా సంపాదించుకోవచ్చు. ఆఫీసు మెయిల్ నుంచి ఒక మెయిల్ పెట్టమనండి, ఇంట్లోవాళ్ళ నంబరు ఒకటి అడగండి. మీరూ ఇవ్వండి.

ఇంతా విని కూడా టోకెన్ వేసేశారా? సిగ్గుపడి రెండ్రోజులు ఎవరికీ చెప్పకుండా కూర్చోకండి. ఆలోగా ఆ డబ్బు నాలుగు ఖాతాలు మారి ఏటీఎంలోంచి బయటికొచ్చేస్తుంది. లావాదేవీ నంబరు దగ్గర పెట్టుకుని వెంటనే 1930కి ఫోన్ చేయండి, కేంద్ర సైబర్ క్రైం పోర్టల్లోనూ ఫిర్యాదు నమోదు చేయండి, బ్యాంకుకీ చెప్పండి. యాప్ కస్టమర్ కేర్ నంబరు కోసం మాత్రం గూగుల్‌లో వెతక్కండి, యాప్ లోపలే చూడండి. బయట దొరికే నంబర్లలో కొన్ని ఇలాంటి ముఠాలే పెట్టినవి, ఫోన్ ఎత్తగానే మీ పోయిన డబ్బు వెనక్కి పంపిస్తామని ఇంకో క్యూఆర్ కోడ్ పంపుతారు.