క్రూజ్ కంట్రోల్: పట్టూ విడుపూ

గిరిసోల దగ్గర ఒడిశా సరిహద్దు దాటి దగ్గర్లోని బరంపురం వెళ్లేవాడికి కుడికాలు సంగతి గుర్తుండదు. విశాఖలో బయల్దేరి భువనేశ్వర్ దాకా పోయేవాణ్ణి అడగండి. నాలుగు వందల కిలోమీటర్ల పైమాట. యాక్సిలరేటర్‌ను అలా తొక్కిపట్టి పిక్క పట్టేస్తుంది. ఇప్పటి కార్లలో చాలావాటికి, కాలు తీసినా పెట్టిన వేగాన్ని నిలిపే క్రూజ్ కంట్రోల్ ఉంటోంది. మరి ఇంటి ముందున్న పాత పెట్రోలు అంబాసిడర్‌కో? తుక్కుకు పోయిన కారులోంచి విప్పి తెచ్చి బిగించుకోవచ్చా?

బిగించుకోవచ్చు. ఆ యంత్రం పుట్టిందే కారులో కంప్యూటర్ లేని రోజుల్లో, అదీ చూపులేని మనిషి చేతుల్లో.

రాల్ఫ్ టీటర్ 1890లో అమెరికాలోని ఇండియానాలో పుట్టాడు. ఐదేళ్ల వయసులో కత్తి తగిలి ఒక కన్ను పోయింది, దాని వెనకే రెండోదీ పోయింది. అయినా మెకానికల్ ఇంజనీరయ్యాడు. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో యుద్ధనౌకల టర్బైన్ రోటర్లను వేళ్లతో తడిమి సమతూకం చేశాడంటారు. ఆయన లాయరు కారు నడుపుతూ మాట్లాడేటప్పుడు వేగం తగ్గించేవాడట, వినేటప్పుడు పెంచేవాడట. చూపున్నవాళ్లు పట్టించుకోని ఆ ఊగిసలాట టీటర్ ఒంటికి తెలిసింది. దాన్ని ఆపే యంత్రానికి 1950లో పేటెంట్ వచ్చింది; 1958 మోడల్ క్రైస్లర్ కార్లలోకి అది ఎక్కింది. దాని మూలం ఇంకా పాతది: ఆవిరి యంత్రం వేగాన్ని అదుపులో ఉంచడానికి దాని మీద జేమ్స్ వాట్ తిప్పిన గుండ్ల గవర్నరు.

పాత కారుకు కుదిరేది వ్యాక్యూమ్ రకం. టిఫిన్ గిన్నెంత డబ్బా, లోపల రబ్బరు డయాఫ్రమ్, దానికో కేబుల్. ఇంజను గాలి పీల్చే చోటి నుంచి గొట్టం వేస్తే ఆ పీల్పుకు డయాఫ్రమ్ లోపలికి పోతుంది, కేబుల్ థ్రాటిల్‌ను లాగుతుంది. ఎంత లాగాలో కంట్రోల్ బాక్సు చెబుతుంది. వేగం దానికెలా తెలుస్తుందంటే, ప్రొపెల్లర్ షాఫ్ట్‌కు కట్టిన అయస్కాంతం తిరిగినప్పుడల్లా పక్కనున్న తీగచుట్టలో చిన్న విద్యుత్ అల పుడుతుంది. ఎత్తు ఎక్కేటప్పుడు థ్రాటిల్ బాగా తెరుచుకుని పీల్పు పడిపోతుంది. అందుకు ఒక నిల్వ డబ్బా కావాలి. డీజిలుకు ఆ పీల్పే ఉండదు, వేరే పంపు చూసుకోవాలి.

లాగడం తేలిక. వదలడంలోనే మేస్త్రీ పనితనం. బ్రేకు పెడల్‌కు రెండు తాళాలుంటాయి: ఒకటి కరెంటు తెంచే స్విచ్చి, రెండోది గాలి లోపలికి వదిలే వాల్వు. కాలు పడగానే తుస్సుమని గాలి దూరి డయాఫ్రమ్ వెనక్కొస్తుంది. కరెంటు తాళం పాడైనా గాలి తాళం కాపాడుతుంది. తుక్కు కొట్లో డబ్బా దొరికినవాడు సంతోషంలో ఈ వాల్వును అక్కడే వదిలేసి వస్తాడు, అలాంటివాడి కారెక్కను. క్లచ్‌కూ స్విచ్చి కావాలి, లేదంటే గేరు మార్చబోయినప్పుడు ఇంజను అరుస్తుంది.

మన రోడ్ల మీద ఆవులూ, ఎదురొచ్చే బైకులూ ఉండగా దీన్ని వాడేది ఖాళీ రోడ్డు మీద, పగటి పూటే. బిగించే ముందు ఆర్‌టీఓనూ బీమావాళ్లనూ అడగండి.

అన్నీ బిగించినా యంత్రం పట్టుకోకపోతే డబ్బా విప్పకండి. ఆ కాలపు కొన్ని కంట్రోల్ బాక్సులు బ్రేకు లైటు బల్బు తీగ గుండానే ఎర్త్ చూసుకుంటాయి. బల్బులు మాడినా, ఎల్‌ఈడీ వేసినా పనిచేయనంటాయి. ముందు కారు వెనక్కి వెళ్లి బల్బులు చూడండి.