కుందేళ్ళ గజ్జి

కుందేళ్ళ గజ్జి, మైట్లు అనబడే అతి సూక్ష్మమైన పరాన్నజీవుల వలన కుందేళ్ళకు కలిగే చర్మవ్యాధి. మైట్లు కీటకాలు కావు. ఇవి సాలెపురుగు, తేలు, పిడుదు మొదలైన ఎనిమిది కాళ్ళ జీవుల తరగతికి చెందినవి. చర్మం పొట్టుగా రాలడం, దురద, బొచ్చు ఊడిపోవడం, పక్కులు కట్టడం ఈ వ్యాధి ముఖ్య లక్షణాలు. సరైన మందును సరైన మోతాదులో ఇచ్చినచో ఈ వ్యాధి సాధారణంగా పూర్తిగా నయమవుతుంది. అయితే కుక్కల కొరకు, పశువుల కొరకు తయారైన మందులను ఉజ్జాయింపుగా వాడినప్పుడు, వ్యాధి కంటే చికిత్సయే కుందేలుకు ప్రాణాంతకం కావచ్చును.

మైట్లలో రకాలు

పెంపుడు కుందేలు శాస్త్రీయ నామం ఒరిక్టోలాగస్ క్యునిక్యులస్. దీనిని ఆశ్రయించే మైట్లలో ముఖ్యమైనవి ఇవి.

బొచ్చు మైటు: దీని శాస్త్రీయ నామం కైలెటియెల్లా పారసైటోవొరాక్స్. పొడవు అర మిల్లీమీటరుకు మించదు. చర్మాన్ని తొలవదు, పైపొరను ఆశ్రయించి జీవిస్తుంది. మెడ వెనుక, వీపుపైన, తోక మొదట్లో చుండ్రు వంటి తెల్లని పొట్టు దట్టంగా ఏర్పడుతుంది. పొట్టు కింద మైట్లు కదులుతున్నందున భూతద్దంతో చూస్తే చుండ్రే నడుస్తున్నట్లు కనిపిస్తుంది.

చెవి మైటు: సోరోప్టిస్ క్యునిక్యులై అనే ఈ మైటు చెవి లోపల నివసిస్తుంది. చెవిలో గోధుమరంగు పక్కులు పొరలు పొరలుగా పేరుకుంటాయి. కుందేలు తల విదిలిస్తూ, వెనుక కాళ్ళతో చెవులను గోకుతూ ఉంటుంది. వ్యాధి లోపలి చెవికి వ్యాపిస్తే తల ఒక పక్కకు వాలిపోవచ్చును.

తొలిచే మైట్లు: సార్కాప్టిస్ స్కేబియై, నోటోఎడ్రిస్ క్యాటై అనేవి చర్మంలో సొరంగాలు చేసి గుడ్లు పెడతాయి. ముక్కు, పెదవులు, చెవుల అంచులు, పాదాలపై దళసరి పక్కులు కడతాయి. దురద తీవ్రంగా ఉండి కుందేలు మేత తగ్గించి చిక్కిపోతుంది.

వీటితో పాటు లెపొరాకారస్ గిబ్బస్ అనే మరొక మైటు వెంట్రుకలను పట్టుకొని జీవిస్తుంది. దీని వలన సాధారణంగా పెద్దగా హాని ఉండదు.

బొచ్చు ఊడడానికి ఇతర కారణాలు

బొచ్చు ఊడిన ప్రతి కుందేలుకూ గజ్జి ఉన్నట్లు కాదు. చికిత్సకు ముందు ఈ క్రింది కారణాలను పరిశీలించడం అవసరం.

* సహజంగా బొచ్చు మారడం: కుందేళ్ళు ఏడాదిలో కొన్నిసార్లు పాత బొచ్చును రాల్చుకుంటాయి. అప్పుడు చర్మం శుభ్రంగా ఉండి, కొత్త బొచ్చు మొలుస్తూ కనిపిస్తుంది.
* గూడు కట్టుకోవడం: చూడితో ఉన్న ఆడ కుందేలు, లేదా చూడి లేకున్నా ఉన్నట్లు ప్రవర్తించే ఆడ కుందేలు, ఛాతీ, పొట్ట, గొంతు కింది మడతల నుండి బొచ్చు పీకి గూడులో పరుస్తుంది.
* తోటి కుందేళ్ళు కొరకడం: ఇరుకు గూళ్ళలో, పీచు తక్కువైన మేత తినే కుందేళ్ళలో ఇది కనిపిస్తుంది.
* తామర: శిలీంధ్రం వలన గుండ్రటి మచ్చలు ఏర్పడి అక్కడ వెంట్రుకలు తెగిపోతాయి. ఇది మనుషులకు కూడా అంటుతుంది.
* తడి: పళ్ళ జబ్బు వలన చొంగ కారి గడ్డం కింద, మూత్రంతో తడిసి వెనుక భాగంలో బొచ్చు ఊడిపోతుంది.

మూల కారణం

కొద్దిపాటి బొచ్చు మైట్లు ఆరోగ్యంగా ఉన్న కుందేళ్ళపై కూడా ఉండవచ్చును. కుందేలు తన ఒంటిని తానే నాలుకతో, పళ్ళతో శుభ్రపరచుకుంటుంది కాబట్టి అవి పెరగవు. స్థూలకాయం, కీళ్ళనొప్పులు, వెన్ను నొప్పి, పళ్ళు అతిగా పెరగడం వంటి ఇబ్బందుల వలన కుందేలు తన వీపును అందుకోలేనప్పుడు మైట్లు విపరీతంగా వృద్ధి చెందుతాయి. అందువలన గజ్జి మరల మరల వచ్చే కుందేలుకు పళ్ళను, బరువును, కీళ్ళను కూడా పరీక్షింపజేయాలి. లేనిచో మందుతో తగ్గిన వ్యాధి కొద్దికాలానికే తిరిగి వస్తుంది.

వ్యాధి నిర్ధారణ

బొచ్చును నల్లని కాగితంపై దువ్వి, రాలిన పొట్టును భూతద్దంతో పరిశీలించడం సులభమైన పద్ధతి. పారదర్శకమైన అంటు టేపును చర్మానికి అద్ది, దానిని గాజు పలకపై అతికించి సూక్ష్మదర్శినితో చూసి కూడా బొచ్చు మైట్లను గుర్తించవచ్చును. తొలిచే మైట్ల కొరకు పశువైద్యుడు చర్మాన్ని పైపైన గీకి నమూనా తీస్తాడు. ఒక్క నమూనాలో మైటు కనబడనంత మాత్రాన వ్యాధి లేదని చెప్పలేము.

చికిత్స

ఐవర్‌మెక్టిన్ ఈ వ్యాధికి ఎక్కువగా వాడే మందు. ఇది 1981 నుండి పశువైద్యంలో వాడుకలో ఉంది. దీనికి మూలమైన ఎవర్‌మెక్టిన్ ఆవిష్కరణకు విలియం కాంప్‌బెల్, సతోషి ఒమురా 2015లో వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతిలో భాగస్వాములయ్యారు. కుందేళ్ళకు సాధారణంగా కిలో శరీర బరువుకు 0.2 నుండి 0.4 మిల్లీగ్రాముల చొప్పున చర్మం కిందికి ఇంజెక్షన్‌గా ఇస్తారు. మందు గుడ్లను చంపదు. గుడ్ల నుండి వెలువడే పిల్ల మైట్లు తిరిగి గుడ్లు పెట్టే దశకు రాకముందే వాటిని చంపుటకు 10 నుండి 14 రోజుల వ్యవధిలో రెండు లేక మూడు మోతాదులు ఇవ్వవలసి ఉంటుంది. మొదటి మోతాదుకే దురద తగ్గిందని మానివేయడం వ్యాధి తిరగబెట్టడానికి ముఖ్య కారణం.

మోతాదు ఎంత స్వల్పమో ఒక లెక్క ద్వారా గ్రహించవచ్చును. పశువులకు వాడే 1 శాతం ఐవర్‌మెక్టిన్ ద్రావణంలో ప్రతి మిల్లీలీటరుకు 10 మిల్లీగ్రాముల మందు ఉంటుంది. 2 కిలోల కుందేలుకు కావలసినది 0.4 నుండి 0.8 మిల్లీగ్రాములు, అనగా 0.04 నుండి 0.08 మిల్లీలీటరు మాత్రమే. పొరపాటున ఒక మిల్లీలీటరు ఇచ్చినచో అది తగిన మోతాదుకు 12 నుండి 25 రెట్లు అవుతుంది. కావున కుందేలును తూచిన తరువాత పశువైద్యుని చేతనే మందు వేయించాలి.

సెలామెక్టిన్ అనే మందును మెడ వెనుక, బొచ్చు పాయ తీసి చర్మంపై చుక్కలుగా వేస్తారు. దీని మోతాదును కూడా బరువును బట్టి వైద్యుడే నిర్ణయించాలి. కుందేలు చూడితో ఉన్నా, పిల్లలకు పాలిస్తున్నా ఆ సంగతి వైద్యునికి ముందుగానే చెప్పాలి.

చెవిలోని పక్కులను గోటితో గాని పుల్లతో గాని పెకలించకూడదు. వాటి కింది చర్మం పచ్చిగా ఉండి విపరీతమైన నొప్పి కలుగుతుంది, రక్తం కారుతుంది. మందు పనిచేసిన తరువాత పక్కులు వాటంతట అవే రాలిపోతాయి. ఊడిన బొచ్చు తిరిగి రావడానికి కొన్ని వారాలు పడుతుంది. అది అక్కడక్కడ మచ్చలుగా మొలవడం సహజమే.

చేయకూడని పనులు

* ఫిప్రోనిల్ కలిగిన మందులు వాడకూడదు. కుక్కలు, పిల్లుల ఒంటిపై పురుగులకు వాడే ఈ మందు కుందేళ్ళలో మూర్ఛలను, మరణాన్ని కలిగించగలదు.
* కుక్కల కొరకు తయారైన గాఢమైన పర్మెత్రిన్ మందులు, పురుగులను చంపే మెడ పట్టీలు వాడకూడదు.
* కిరోసిన్, ఫినాయిల్, కర్పూరం కలిపిన నూనెలు, చీమల మందులు పూయకూడదు. కుందేలు ఒంటిని నాకుతుంది కాబట్టి చర్మంపై పూసినదంతా కడుపులోకి చేరుతుంది.
* స్నానం చేయించకూడదు. దట్టమైన బొచ్చు త్వరగా ఆరనందున శరీర ఉష్ణోగ్రత పడిపోతుంది. భయంతో కుందేలు గట్టిగా తన్నుకున్నప్పుడు దాని వెన్నెముక విరిగే ప్రమాదం కూడా ఉంది.
* చెవులు పట్టుకొని ఎత్తకూడదు. ఛాతీ కింద ఒక చేయి, వెనుక భాగం కింద మరొక చేయి ఉంచి ఎత్తాలి.

చికిత్స కాలంలో కుందేలు మేతను గమనిస్తూ ఉండాలి. 12 గంటల పాటు మేత ముట్టకపోయినా, పెంటికలు వేయడం ఆగిపోయినా పేగుల కదలిక మందగించినట్లు భావించి వెంటనే పశువైద్యుని వద్దకు తీసుకొని వెళ్ళాలి. తల వాల్చినా, తూలుతున్నా, వణుకుతున్నా ఆలస్యం చేయరాదు.

మనుషులకు వ్యాప్తి

బొచ్చు మైట్లు, సార్కాప్టిస్ మైట్లు మనుషులపైకి పాకగలవు. కుందేలును ఎత్తుకున్న వారికి చేతులపై, ఛాతీపై, పొట్టపై దురదతో కూడిన ఎర్రని దద్దుర్లు రావచ్చును. బొచ్చు మైటు మనిషి శరీరంపై తన జీవితచక్రాన్ని పూర్తిచేయలేదు. కాబట్టి కుందేలుకు నయమైతే దద్దుర్లు కూడా క్రమంగా తగ్గుతాయి. తగ్గనిచో చర్మవైద్యుని సంప్రదించి, ఇంటిలో కుందేలు ఉన్న సంగతి తెలియజేయాలి.

నివారణ

ఒక కుందేలుకు వ్యాధి సోకితే, దానితో కలిసి ఉండే కుందేళ్ళన్నిటికీ లక్షణాలు లేకున్నా ఒకేసారి చికిత్స చేయించాలి. కుక్కలు, పిల్లులు కూడా ఉంటే వాటి సంగతి వైద్యునికి చెప్పాలి. కొన్ని మైట్లు జంతువు ఒంటిపై నుండి రాలిన తరువాత కూడా కొద్ది రోజుల నుండి సుమారు మూడు వారాల వరకు బ్రతకగలవు. అందువలన గూడులో పరచిన గడ్డిని తీసివేసి, గుడ్డలను వేడినీటితో ఉతికి, గూడును కడిగి పూర్తిగా ఆరిన తరువాతనే కుందేలును తిరిగి అందులో ఉంచాలి. దువ్వెనలను కూడా ఇదే విధంగా శుభ్రపరచాలి.

కొత్తగా తెచ్చిన కుందేలును కొన్ని వారాలు వేరుగా ఉంచి, చెవులను, మెడ వెనుక భాగాన్ని పరిశీలించిన తరువాత మిగిలిన వాటితో కలపడం మంచిది. ఎండుగడ్డి ప్రధానంగా గల ఆహారం, తిరగడానికి చాలినంత చోటు, వారానికి ఒకటి రెండు సార్లు మెత్తని దువ్వెనతో దువ్వడం ఈ వ్యాధి రాకుండా తోడ్పడతాయి. దువ్వే సమయంలోనే చుండ్రు, పక్కులు తొలిదశలో కంటబడతాయి.