కంప్యూటరులో తెలుగు అమరికలు

కంప్యూటరులో భాష, ప్రాంతం, తేదీ, కీబోర్డు, తెర మొదలైనవి ఏ విధంగా పనిచేయవలెనో వాడుకరి నిర్ణయించుకొనే ఎంపికలను అమరికలు లేదా సెట్టింగులు అంటారు. అమెరికా ఆంగ్లం ఎంపికతో సిద్ధం చేసిన కంప్యూటరు తేదీలను, సంఖ్యలను ఆ దేశపు పద్ధతిలోనే చూపుతుంది. తెలుగు వాడుకరి కొద్దిపాటి మార్పులతో వీటిని తనకు అనుకూలంగా సవరించుకొనవచ్చును. ఉత్తర తెలంగాణలోని కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాలలో తెలుగుతో పాటు ఉర్దూ, మరాఠీ, గోండి, కొలామి భాషలు వాడుకలో ఉన్నందున ఈ వ్యాసంలోని ఉదాహరణలను ఆ ప్రాంతం నుండే తీసుకోవడం జరిగింది.

చూడటం, రాయడం వేరు

కొత్తవారు తరచుగా పొరబడే విషయం ఇది. తెలుగు తెరపై కనబడటానికి యూనికోడ్ సంకేతాలు, ఆ సంకేతాలను అక్షర రూపంలో చూపే ఖతి (ఫాంటు) అవసరం. తెలుగులో రాయడానికి వీటికి తోడు కీబోర్డు అమరిక కావలెను. తెలుగు చదవగలిగిన కంప్యూటరులో తెలుగు రాయలేకపోవడానికి కారణం సాధారణంగా ఈ మూడవది లేకపోవడమే.

యూనికోడ్‌లో తెలుగుకు 128 స్థానాల విభాగం కేటాయించబడింది. విండోస్ ఎక్స్‌పీ (2001) లో గౌతమి అనే తెలుగు ఖతి ఉండేది. అయితే సంక్లిష్ట లిపులకు, కుడి నుండి ఎడమకు రాసే లిపులకు సంబంధించిన దస్త్రాలను వాడుకరి ప్రత్యేకంగా స్థాపించుకోవలసి వచ్చేది. తెలుగు, ఉర్దూ రెండింటికీ ఆ ఒక్క ఎంపికే సరిపోయేది. తరువాతి విండోస్ రూపాంతరాలలో ఆ అవసరం లేకుండానే తెలుగు కనబడుతుంది.

తెలుగు సరిగా కనబడనప్పుడు

* అక్షరాలకు బదులు డబ్బాలు కనబడితే ఆ లిపికి ఖతి లేదని అర్థం. ఖతిని స్థాపిస్తే సరిపోతుంది.
* అర్థంలేని ఆంగ్ల అక్షరాలు, గుర్తులు కనబడితే ఆ పాఠ్యం యూనికోడ్‌కు ముందు కాలపు సొంత సంకేతాల ఖతితో తయారైనదై ఉండవచ్చును. అదే ఖతిని తెచ్చుకోవలెను, లేదా పాఠ్యాన్ని యూనికోడ్‌లోకి మార్చవలెను.
* ఒత్తులు కిందికి చేరకుండా విడివిడిగా కనబడితే ఆ ప్రోగ్రాముకు తెలుగు అక్షరాలను కూర్చే శక్తి లేదన్నమాట.
* చుక్కల వలయం కనబడితే హల్లు లేకుండా గుణింతపు గుర్తును మాత్రమే కొట్టినట్లు. ఇది అమరికల దోషం కాదు, రాతలోని పొరబాటు.

కీబోర్డు అమరిక

విండోస్ 11 లో సెట్టింగ్స్ తెరచి, టైమ్ అండ్ లాంగ్వేజ్ అనే విభాగంలో భాష, ప్రాంతాల పుటకు వెళ్ళి తెలుగును చేర్చవలెను. తరువాత విండోస్ మీటను నొక్కి పట్టుకొని స్పేస్ మీటను నొక్కితే కీబోర్డు ఆంగ్లం నుండి తెలుగుకు, తెలుగు నుండి ఆంగ్లానికి మారుతుంది.

తెలుగు రాయడానికి ముఖ్యంగా రెండు పద్ధతులు ఉన్నాయి. మొదటిది ఉచ్చారణను ఆంగ్ల అక్షరాలలో కొట్టే లిప్యంతరీకరణ పద్ధతి. ఆంగ్లం కొట్టడం అలవాటైనవారికి ఇది సులువు. రెండవది భారతీయ లిపులన్నింటికీ ఒకే క్రమాన్ని ఇచ్చే ఇన్‌స్క్రిప్ట్. ఇందులో అచ్చులు, గుణింతపు గుర్తులు ఎడమ చేతి వైపు, హల్లులు ఎక్కువగా కుడి చేతి వైపు ఉంటాయి. కరీంనగర్ అని రాయడానికి కే, జే, ఆర్, ఎక్స్, వీ, ఐ, జే, డీ మీటలను వరుసగా నొక్కవలెను. చివరి డీ మీట పొల్లును ఇస్తుంది. ఇన్‌స్క్రిప్ట్ నేర్చినవారు అదే క్రమంలో మరాఠీని కూడా కొట్టగలరు.

పొల్లుతో ముగిసే పేర్లు

కరీంనగర్, ఆదిలాబాద్ రెండూ పొల్లుతో ముగుస్తాయి. వీటికి 'లో' అనే విభక్తిని నేరుగా చేర్చితే కంప్యూటరు లకారాన్ని ఒత్తుగా మార్చి కరీంనగర్లో, ఆదిలాబాద్లో అని చూపుతుంది. పొల్లు నిలవాలంటే నడుమ జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే కంటికి కనబడని గుర్తును ఉంచవలెను. అప్పుడు కరీంనగర్‌లో, ఆదిలాబాద్‌లో అని వస్తుంది. లేఖినిలో దీనికి ^ గుర్తును వాడుతారు. గుర్తు ఉన్న మాట, లేని మాట కంప్యూటరుకు రెండు వేర్వేరు మాటలు. అందువలన కొన్ని ప్రోగ్రాములలో ఒకదాని కొరకు వెతికితే మరొకటి దొరకదు. ఊర్ల పేర్లతో పట్టికలు తయారుచేసేవారు ఒకే పద్ధతిని పాటించడం మంచిది.

తేదీ, కాలం, సంఖ్యలు

ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల పునర్విభజన 11-10-2016 న అమలులోకి వచ్చింది. అమెరికా పద్ధతి అమరికలో ఉన్న కంప్యూటరు దీనిని నవంబరు 10 గా గ్రహిస్తుంది. 25-10-2016 అని కొడితే 25వ నెల లేదు గనుక లెక్కల పట్టిక దానిని తేదీగా కాక మామూలు పాఠ్యంగా ఉంచుతుంది. ఫలితంగా పుట్టిన తేదీల పట్టికలో కొన్ని తప్పుగా, కొన్ని వరుస తప్పి ఉంటాయి. ఈ తప్పు వెంటనే కంటికి కనబడదు కాబట్టి మరింత ప్రమాదకరం. ప్రాంతీయ పద్ధతిని భారతదేశానికి మార్చితే రోజు ముందు, నెల తరువాత వస్తాయి. లక్ష 100,000 గా కాక 1,00,000 గా కనబడుతుంది.

కాలమండలాన్ని భారత ప్రామాణిక కాలానికి (సార్వత్రిక కాలం కంటే 5 గంటల 30 నిమిషాలు ముందు) అమర్చవలెను. కంప్యూటరు ఆపినప్పుడల్లా తేదీ వెనుకకు పోతుంటే లోపలి మదర్‌బోర్డుపై ఉండే నాణెం ఆకారపు బ్యాటరీ అయిపోయి ఉండవచ్చును. తేదీ తప్పుగా ఉంటే సురక్షిత వెబ్‌సైట్లు తెరుచుకోవు. ఆ సైట్ల ధ్రువపత్రాల గడువును కంప్యూటరు తన గడియారంతోనే సరిచూస్తుంది.

గోండి లిపి

ఆదిలాబాద్ జిల్లా నార్నూరు మండలంలోని గుంజాల గ్రామంలో లభించిన చేతిరాత ప్రతులలోని లిపిని గుంజాల గోండి లిపి అంటారు. 2018 లో వెలువడిన యూనికోడ్ 11వ రూపాంతరంలో దీనికి స్థానం లభించింది. సంకేతాలు ఏర్పడినంత మాత్రాన లిపి తెరపైకి రాదు. ఖతి లేని కంప్యూటరులో ఇప్పటికీ డబ్బాలే కనబడతాయి. నోటో సాన్స్ గుంజాల గోండి అనే ఉచిత ఖతిని స్థాపించుకొంటే అక్షరాలు కనబడతాయి. రాయడానికి తగిన కీబోర్డును విడిగా చేర్చుకోవలెను. మాతృభాష లిపి తెరపై కనబడుతుందా లేదా అన్నది ఇటువంటి చోట్ల ఒక చిన్న అమరికపైనే ఆధారపడి ఉంటుంది.

తెర, మౌస్

చూపు తగ్గినవారు తెర స్పష్టత జోలికి పోకుండా అక్షరాల పరిమాణాన్ని మాత్రమే పెంచుకోవడం మేలు. ఒత్తులు, గుణింతాలు ఉన్నందున తెలుగుకు ఇది మరింత ఉపయోగపడుతుంది. ఎడమచేతి వాటం వారు మౌస్ మీటలను తారుమారు చేసుకొనవచ్చును. వెంటవెంట రెండుసార్లు నొక్కలేని వృద్ధులు ఆ వేగాన్ని తగ్గించుకొనవచ్చును.

జాగ్రత్తలు

* ఒకసారి ఒక్క అమరికనే మార్చి, పాత ఎంపికను కాగితంపై రాసి ఉంచుకోవలెను.
* మొదట రాసే భాషను చేర్చి, అలవాటైన తరువాతనే మెనూల భాషను మార్చడం మంచిది.
* ఈ అమరికలు చాలావరకు ఒక్కొక్క ఖాతాకు విడిగా ఉంటాయి. పాఠశాలలో, ఇంటిలో పలువురు వాడే కంప్యూటరులో వేర్వేరు ఖాతాలు ఉంటే ఒకరి మార్పు మరొకరికి అడ్డురాదు.
* పైన చెప్పిన మార్పుల వలన దాచుకొన్న దస్త్రాలు చెరిగిపోవు. కావున కొత్తవారు భయపడనవసరం లేదు.

ఇవి కూడా చూడండి

* యూనికోడ్
* తెలుగు లిపి
* ఇన్‌స్క్రిప్ట్
* లేఖిని
* గోండి భాష